క్యూలో ఆగిపోయిన కబురు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఆ లేకపోవడం వల్ల ఒకసారి లాభం కూడా వచ్చింది. దాచేపల్లిలో అద్దె గది వెతుకుతున్నప్పుడు, బస్టాండు వెనక వీధిలో ఒక ఇల్లు చాలాకాలంగా ఖాళీగా ఉందనీ, అందులో చనిపోయిన మనిషి తిరుగుతున్నాడనీ చెప్పారు. నేను ఇంటాయన దగ్గరకు వెళ్ళి, ముఖం కాస్త భయంగా పెట్టుకుని, ఆ మాటెత్తి అద్దె సగానికి దించాను. ఉన్నన్నాళ్ళూ హాయిగా నిద్రపోయాను. ఖాళీ చేసేటప్పుడు ఇంటాయన, "ఏవన్నా కనపడ్డాడా నాయనా?" అని అడిగాడు. "కనపడితే మిగతా సగం అద్దె ఆయన దగ్గరే వసూలు చేసి మీకిచ్చేవాణ్ణి గదండీ" అన్నాను.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. ఇందులో తెల్లచీర లేదు, అర్ధరాత్రి లేదు. ఎండాకాలం మధ్యాహ్నం, సిమెంటు ఫ్యాక్టరీ, ఒక కంప్యూటరు. ఒక మనిషి ప్రాణం మాత్రం ఉంది.

మాది గురజాల. కిరాణా కొట్టు. నేను నడక నేర్చుకున్నది బియ్యం బస్తాలు పట్టుకునే. ఎలాగో ఇంజనీరింగు చదివి, ఎనభైల చివర్లో హైదరాబాదులో కంప్యూటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. దాచేపల్లి దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీ మా దగ్గర రెండు మిషన్లు కొన్నప్పుడు, "నీది ఆ వైపే గదా, భోజనం ఖర్చు కలిసొస్తుంది" అని నన్ను పంపారు. బేరం నాకొక్కడికే తెలుసనుకోవడం తప్పని అప్పుడర్థమైంది.

ఆ ఫ్యాక్టరీకి సున్నపురాయి గని కొన్ని మైళ్ళ దూరంలో ఉండేది. గనిలో పగలగొట్టిన రాయి పొడవాటి కన్వేయర్ బెల్టు మీద ఫ్యాక్టరీకి వచ్చేది. బెల్టును నడిపే మోటారు, దాని బటనూ ఫ్యాక్టరీ చివర, కంట్రోల్ రూములో ఉండేవి. గని చివర బెల్టు తిరిగే పెద్ద ఇనుప డ్రమ్ము. దాని చుట్టూ రాయి, పొడి ఇరుక్కుని గడ్డకట్టేది. అప్పుడు ఎవరో ఒకరు జాలీ తీసి లోపలికి దూరి, సుత్తితో కొట్టి, పారతో తియ్యాలి. లోపల మనిషి ఉండగా ఫ్యాక్టరీలో బటను నొక్కితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బెల్టు కదిలే ముందు సైరన్ మోగుతుంది. కాని డ్రమ్ము కింద బోర్లా పడుకున్నవాడు బయటికి పాకి రావడానికి ఆ కాస్త వ్యవధి చాలదు.

అందుకని వాళ్ళకొక పద్ధతి ఉండేది. లోపలికి దూరే ఫిట్టరు ముందు సైకిలేసుకుని ఫ్యాక్టరీకి వచ్చేవాడు. కంట్రోల్ రూములో మోటారు ఫ్యూజులు తనే పీకి, చొక్కా జేబులో వేసుకుని, మళ్ళీ గనికి పోయేవాడు. పనయ్యాక తిరిగొచ్చి తన చేత్తోనే పెట్టేవాడు. ఫ్యూజులు జేబులో ఉన్నంతసేపు ఎవడూ ఏమీ చెయ్యలేడు. ఎవరి ప్రాణం వాళ్ళ జేబులో. మంచి పద్ధతే. కాని ఆ రాకపోకలకే సగం పూట పోయేది.

మా మిషన్లు పెట్టినప్పుడు మేనేజరు గారికి నేను చెప్పిన మొదటి లాభం ఇదే. గనిలో ఒక మిషను, ఫ్యాక్టరీలో ఒకటి, మధ్య బెల్టు పొడుగునా కేబులు. గనిలో టైంకీపరు రాయి తోలే లారీల ట్రిప్పుల లెక్క టైపు చేస్తాడు. లోపల మనిషి ఉంటే ఆ సంగతీ ఒక ముక్క టైపు చేస్తాడు. కంట్రోల్ రూములో ప్రింటరు మీద వెంటనే పడుతుంది. సైకిలు తొక్కే పని లేదు. మేనేజరు గారికి నచ్చింది. ఫ్యూజులు జేబులో పెట్టుకునే పద్ధతి ఆ నెలతో ఆగిపోయింది.

ఇక్కడ మిషను లోపలి సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే జరిగింది ఎందుకు వింతో తెలియదు.

కంప్యూటరు ఒకసారికి ఒక్క పనే చేస్తుంది. కేబులు మీద ఏదైనా వస్తే, చేస్తున్న పని ఆపి చూడాలి. దాన్ని ఇంటరప్ట్ అంటారు. అలా ఆపినప్పుడు ఎక్కువసేపు ఆపకూడదు. ఆపితే వెనకాల వచ్చేవి పోతాయి. అందుకని ఆ క్షణంలో చేసేది కొంచెమే. వచ్చినదాన్ని అందుకోవడం, అందిందని అవతలివాడికి చెప్పడం, క్యూలో పడెయ్యడం, వెనకాల పనివాణ్ణి పిలిచి తిరిగి తన పనిలోకి పోవడం. ఆ వచ్చినదాన్ని విప్పి, చదివి, ప్రింటరుకు పంపే అసలు పని తర్వాత తీరిగ్గా జరుగుతుంది. అది వాయిదా వేసిన పని.

ఇది నాకు కాలేజీలో కొత్తగా అనిపించలేదు. మా నాన్న కొట్లో రోజూ చేసేది ఇదే. ఒకరికి కందిపప్పు తూస్తుండగా ఇంకొకరు వస్తారు. నాన్న తక్కెడ మీంచి కళ్ళు తియ్యకుండానే "ఆ, చెప్పండి" అంటాడు. వాళ్ళు చెప్పింది చీటీ మీద గీకి మేకుకు గుచ్చుతాడు. వెనక గోడౌనులో ఉండే గుమస్తా సుబ్బయ్యకు తాడు లాగి గంట కొడతాడు. కొట్టానన్న గుర్తుకు మేకు పక్కన ఒక ఎర్రగుడ్డ తగిలిస్తాడు. సుబ్బయ్య వచ్చి, మేకు మీదున్న చీటీలన్నీ తీసుకుని సరుకు కట్టి, ఇక ఏమీ లేవని చూసుకుని, గుడ్డ తీసేసి పోతాడు. గుడ్డ వేలాడుతుంటే నాన్న మళ్ళీ గంట కొట్టడు. వచ్చిన మనిషిని రెండోసారి పిలవడం ఎందుకు?

మా ప్రోగ్రాములో ఆ భాగం నాకే ఇచ్చారు. నేను కొట్టును ఉన్నదున్నట్టు దించాను. క్యూ అంటే మేకు. పిలిచినట్టు గుర్తు అంటే ఎర్రగుడ్డ. ఒక్క పిలుపు కూడా వృథా పోదని మా వాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకున్నాను.

నెల తిరక్కుండా ఫ్యాక్టరీ నుంచి ఫిర్యాదు. గని నుంచి పంపినవి అప్పుడప్పుడూ రావడం లేదట. కాసేపటికి వేరేది పంపితే రెండూ కలిసి వస్తున్నాయట. నన్ను మళ్ళీ పంపారు.

కంట్రోల్ రూములో ఆపరేటరు కోటేశ్వర్రావు. పిడుగురాళ్ళ మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను షావుకారూ అని పిలిచేవాడు. గనిలో టైంకీపరు నాగుల్ మీరా. వాళ్ళిద్దరూ ఫోనులో రోజూ పోట్లాడుకునేవారు.

"పంపించా అన్నా."

"రాలా."

"చేరిందని నా తెర మీద పడిందన్నా!"

"నీ తెర మీద పడితే నాకేంది? నా కాయితం మీద పడాల. నీ తెర ఊడదీసుకొచ్చి చూపిచ్చు, ఒప్పుకుంటా."

ఫోను పెట్టేసి నావైపు తిరిగేవాడు. "ఏంది షావుకారూ, తూకంలో కొడుతున్నావా? అక్కడ ఏసింది ఇక్కడ తక్కువొస్తంది."

నేను తప్పు కేబులుదే అనుకున్నాను. అమ్మినవాడెవడైనా ముందు అదే అనుకుంటాడు. కేబులంతా చూసినా ఏమీ దొరకలేదు. అప్పుడు ప్రోగ్రాము లోపల రెండు లెక్కలు పెట్టాను. వెనకాల పనిని ఎన్నిసార్లు పిలిచాం అన్నది ఒకటి. ఆ పని ఎన్నిసార్లు లేచి వచ్చింది అన్నది రెండోది. రెండూ ఎప్పుడూ సమానంగా ఉండాలి. తేడా వస్తే పిలుపు ఎక్కడ పోతోందో తెలుస్తుంది. కొన్ని రోజులు చూశాను. మెసేజీలు ఆలస్యమవుతూనే ఉన్నాయి, లెక్కలు మాత్రం సమానంగానే ఉన్నాయి. నాకు పిచ్చెక్కినట్టయింది.

అలా ఉన్నప్పుడు జరిగింది ఇది.

ముందురోజు సాయంత్రం గాలివాన వచ్చి గని దారిలో టెలిఫోను స్తంభాలు పడిపోయాయి. ఫోను లేదు. కేబులు బాగానే ఉంది. పొద్దుటి నుంచీ ట్రిప్పుల లెక్కలు వస్తున్నాయి. భోజనాలకు ముందు ఆఖరి లెక్క కూడా వచ్చింది. నేను దగ్గరే ఉన్నాను, ప్రింటరు మీద పడటం నా కళ్ళతో చూశాను. దాని కింద ఇంకేమీ లేదు. కోటేశ్వర్రావు కాగితం చించి మేకుకు గుచ్చి, "డ్రమ్ము కాడ ఎవురూ లేరు. తినొచ్చి బెల్టు వదులుదాం" అన్నాడు.

తిని వచ్చాం. కంట్రోల్ రూముకు, నా మిషను ఉన్న గదికి మధ్య ఒక అద్దం. తలుపు తీసే ఉంది. నేను బల్ల మీద ప్రోగ్రాము కాగితాలు పరుచుకుని వరస వెంట వరస చదువుతున్నాను. పైన ఫ్యాను. బయట తెల్లటి ఎండ. కళ్ళు మూతలు పడుతున్నాయన్నది నిజమే, నిద్రపోలేదన్నదీ నిజమే.

కొట్లో పెరిగినవాళ్ళకు ఒకటి ఒంటబడుతుంది. గల్లాపెట్టె దగ్గర తల వంచుకుని ఉన్నా సరే, ఎదురుగా గిరాకీ వచ్చి నిలబడితే తెలిసిపోతుంది. అలికిడి ఉండదు. నీడ కూడా పడనక్కర్లేదు. ఎవరో మన కోసం ఆగి ఉన్నారని మెడకు తెలుస్తుంది. పొద్దున్నుంచీ రాత్రిదాకా అదే పని కాబట్టి అందులో పొరపాటు రాదు. మా అన్నదమ్ములందరికీ ఇది ఉంది.

ఆ మధ్యాహ్నం నా బల్ల ముందు అలా ఎవరో ఉన్నారు. కొత్తగా వచ్చినట్టు కాదు. చాలాసేపటి నుంచి నిలబడి, పిలవడానికి మొహమాటపడి, ఇంకా నిలబడే ఉన్నట్టు.

నేను కాగితాల మీంచి కళ్ళు తియ్యకుండా, "ఆ, చెప్పండి" అన్నాను.

అవతల గదిలో కోటేశ్వర్రావు అప్పటికే లేచి ప్యానెల్ దగ్గర ఉన్నాడు. సైరన్ మీట మీద చెయ్యి వేశాడు. నా మాట విని వెనక్కి తిరిగి, "ఎవురితోనయ్యా?" అన్నాడు.

నేను తలెత్తాను. ఎవరూ లేరు.

అప్పుడు ప్రింటరు కొట్టుకుంది. ఒక్క వరస. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. 'డ్రమ్ము కింద ఏసోబు ఉన్నాడు. బెల్టు వదలొద్దు.'

కోటేశ్వర్రావు మీట మీంచి చెయ్యి తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. తర్వాత మెయిన్ స్విచ్చు కిందికి లాగేశాడు. ఇద్దరం ఫ్యాక్టరీ జీపులో గనికి వెళ్ళాం.

ఏసోబు ఫిట్టరు. ఆ పక్క పల్లె మనిషి. పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. మేం వెళ్ళేసరికి డ్రమ్ము కింద బోర్లా పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. సుత్తి చప్పుడు వినిపిస్తోంది. కోటేశ్వర్రావు వంగి ఆ కాళ్ళు పట్టుకుని కుదిపాడు.

"ఒరేయ్ ఏసోబూ! రారా బయటికి!"

వెనక్కి పాకి వచ్చాడు. తలనుంచి కాలిదాకా తెల్లటి పొడి. "ఏంది సార్, కరెంటొచ్చిందా?" అన్నాడు.

"కరెంటు సంగతి నీకెందుకురా! ముందు లేచి నిలబడు, నీ కాళ్ళూ చేతులూ చూడనీ."

"ఏం, నాకేమయింది? మీరా పంపిచ్చాడుగా కబురు."

అప్పటికి నాగుల్ మీరా గొడుగు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. అతన్ని అడిగాను. మెసేజి ఎప్పుడు పంపావు?

"ట్రిప్పుల లెక్కతో పాటే సార్. లెక్క కింద ఆ ముక్క గూడా కొట్టి, రెండూ ఒక్కసారే పంపిచ్చినా. రెండూ చేరినయ్యని తెర మీద పడింది. పడ్డ కాసేపటికే కరెంటు పోయింది. ఇంకా రాలా."

"ఇప్పుడు పంపింది కాదా?"

"మిషనే చచ్చిపోయి ఉంటే ఎట్టా పంపేది సార్?"

అతని షెడ్డులోకి వెళ్ళి చూశాను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఫ్యాను తిరగడం లేదు. బల్బు వెలగడం లేదు. కేబులు చివర పెట్టె లైట్లు ఆరిపోయి ఉన్నాయి. భోజనానికి ముందు నుంచీ గని వైపు కరెంటు లేదని అక్కడున్న అందరూ చెప్పారు. మోటారు ఫ్యాక్టరీ వైపు కాబట్టి, గనిలో కరెంటు లేకపోయినా బెల్టు మాత్రం కదిలేది.

అంటే లెక్క వచ్చినప్పుడే ఈ ముక్కా ఫ్యాక్టరీ మిషనులోకి చేరింది. చేరి, మేం భోజనం చేసి వచ్చేదాకా ఎక్కడో ఆగింది. ఎక్కడ ఆగింది? ఎందుకు కదిలింది?

మొదటి ప్రశ్నకు జవాబు ఆ సాయంత్రమే దొరికింది. ఇన్నాళ్ళూ నేను ఒక్కో మెసేజి గురించే ఆలోచించాను. రెండు వెంటవెంటనే వస్తే ఏమవుతుందో చూడలేదు. సుబ్బయ్య మేకు వైపు చూస్తాడు. ఖాళీ. గుడ్డ తియ్యడానికి చెయ్యెత్తుతాడు. సరిగ్గా ఆ రెప్పపాటులో నాన్న ఇంకో చీటీ గుచ్చుతాడు. గుడ్డ ఇంకా వేలాడుతోంది కాబట్టి గంట కొట్టడు. సుబ్బయ్య గుడ్డ తీసేసి పోతాడు. ఇక ఆ చీటీ అక్కడే. మళ్ళీ ఇంకో గిరాకీ వచ్చి, నాన్న మళ్ళీ గంట కొట్టేదాకా దాన్ని ఎవరూ చూడరు.

మా కొట్లోనూ అలా జరిగే ఉంటుంది. కాని అక్కడ "ఏందయ్యా, నా బెల్లం ఏదీ?" అని గిరాకీ అరుస్తాడు. మిషనులో చీటీకి నోరు లేదు. పైగా అందిందని ముందే చెప్పేశాం. పంపినవాడు నిశ్చింతగా గొడుగేసుకుని పోయాడు. పిలుపు పోలేదు, అసలు పిలవనే లేదు. అందుకే నా రెండు లెక్కలూ సమానంగా ఉన్నాయి.

దిద్దుబాటు చిన్నది. సుబ్బయ్య ముందు గుడ్డ తీసి, తర్వాత మేకు చూసుకోవాలి. రెండు వరసలు కిందామీదా మార్చాను. అంతే.

తప్పు దొరికిన సంతోషంలో, రెండో ప్రశ్న గుర్తుకు రావడానికి కొంచెం సమయం పట్టింది. వచ్చాక కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఈ తప్పు నిజమైతే, ఆ మధ్యాహ్నం ఆ ముక్క బయటికి రాకూడదు. ఇంకో మెసేజి వస్తేనే అది కదులుతుంది. ఇంకో మెసేజి పంపే మిషను గుడ్డ కప్పుకుని పడుంది.

లెక్కలు చూశాను. ఇన్ని రోజులూ సమానంగా ఉన్న రెండు లెక్కల్లో ఇప్పుడు ఒకటి తేడా ఉంది. పిలిచిన లెక్క కంటే, లేచి వచ్చిన లెక్క ఒకటి ఎక్కువ.

ఎవరూ పిలవకుండా ఆ పని ఒకసారి లేచి వచ్చింది.

నేను దీన్ని అంత తేలిగ్గా వదల్లేదు. సరుకు లోపల ఏముందో చూడకుండా కొనే రకం కాదు. కేబులు మీద చెత్త ఏదో వచ్చిందేమో అనుకున్నాను. వస్తే ముందు పిలిచిన లెక్క పెరగాలి. పెరగలేదు. మిషనులోని గడియారం లేపిందేమో అనుకున్నాను. గడియారం ఆ పనిని లేపే దారి ప్రోగ్రాములో ఎక్కడా లేదు. నా లెక్కలే తప్పేమో అనుకుని, ఆ తర్వాత ఎన్నో రోజులు అదే మిషను మీద, ఆ పాత తప్పుతో సహా నడిపి చూశాను. మెసేజీలు ఆగమన్నచోట ఆగాయి. ఇంకోటి వచ్చేదాకా కదల్లేదు. తేడా మళ్ళీ ఒక్కసారి కూడా రాలేదు.

హైదరాబాదులో మా పెద్ద ఇంజనీరుకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఎండకు మెమరీలో ఒక బిట్ తిరగబడి ఉంటుంది" అన్నాడు. ఉండొచ్చు. అలా జరుగుతాయి. మిషను లోపల లక్షల బిట్లు, అంటే సున్నాలూ ఒకట్లూ ఉంటాయి. వాటిలో ఏది తిరగబడినా మిషను ఆగిపోవడమో, పిచ్చి అక్షరాలు కొట్టడమో జరుగుతుంది. ఏమీ చెడకుండా, ఆ వాయిదా పనిని లేపే ఆ ఒక్క బిట్టే, సైరన్ మీట మీద చెయ్యి ఉండగా తిరగబడిందంటే కూడా ఒప్పుకుంటాను. కాకతాళీయం అనే మాట అందుకే ఉంది.

మరి నా బల్ల ముందు నిలబడిందెవరు? ఆ మాట ఆయనకు చెప్పలేదు. నేను "ఆ, చెప్పండి" అనడం కోటేశ్వర్రావు విన్నాడు, వెనక్కి తిరిగాడు. అది నా ఊహ కాదు. ప్రింటరు కొట్టుకున్నది ఆ తర్వాతే. ఒకదానికొకటి సంబంధం లేదని చెప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. చెప్పుకున్న ప్రతిసారీ తక్కెడ ఒకవైపే మొగ్గుతుంది.

ఫ్యాక్టరీలో అంతా ఇంకోలా అనుకున్నారు. మేనేజరు గారు పిలిచి టీ తెప్పించారు.

"మీ సిస్టమ్ ఒక ప్రాణం కాపాడిందయ్యా. ఇంకో రెండు బెల్టులకు కూడా పెడదాం. ఎస్టిమేటు ఇవ్వు."

నా జీవితంలో గిరాకీ తనంతట తను సరుకు పొగిడి ఇంకా కావాలనడం అదే మొదటిసారి. సరేనన్న మాట నోటిదాకా వచ్చింది. ఎస్టిమేటు ఇచ్చేస్తే సరిపోయేది.

"ఇప్పుడే వద్దండీ" అన్నాను.

"అమ్మడానికి వచ్చినవాడివి నువ్వా, నేనా?"

"ముందు ఫిట్టర్లను ఫ్యూజులు జేబులో పెట్టుకోనివ్వండి. పాత పద్ధతే. మెసేజి ఉన్నా సరే, ఫ్యూజులు లేకుండా ఎవరూ లోపలికి దూరకూడదు."

"అదేంటి? ఆ పద్ధతి మాన్పించింది నువ్వే. తప్పు దొరికిందన్నావు, సరిచేశానన్నావు. ఇంకా భయమేంటి?"

"నాకు తెలిసిన తప్పు సరిచేశానండీ. నాకు తెలియనిది కూడా ఒకటి జరిగింది ఇందులో. ఈసారి అది మనవైపు మొగ్గింది."

ఆయన నన్ను అనుమానంగా చూశారు. ఎస్టిమేటులో ధర పెంచడానికి ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నారని తర్వాత తెలిసింది. నా పేరు అలాంటిది. ఏమైతేనేం, ఫ్యూజుల పద్ధతి మళ్ళీ వచ్చింది. మిగతా బెల్టుల పని ఆ ఏడాది ఇవ్వలేదు. మా కంపెనీలో నన్ను అడిగారు, ఏదో చెప్పాను.

నేను తిరిగి వెళ్ళే రోజు కంట్రోల్ రూములో సామాను సర్దుకుంటున్నాను. ఏసోబు ఫ్యూజులు తీసుకోవడానికి వచ్చాడు. కోటేశ్వర్రావు అతనికి కథంతా తన పద్ధతిలో చెప్పేసినట్టున్నాడు. ఏసోబు ప్యానెల్ తెరిచి ఫ్యూజులు పీకి, నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"సార్, కబురు లోపల ఆగిపోయింది గదా."

"ఆగిపోయింది."

"ఎవురూ పిలవకుండానే వచ్చింది గదా."

"వచ్చింది."

"యేసయ్యే పంపిచ్చాడంటది మా ఇంటిది. కోటేశ్వర్రావు సారేమో, షావుకారు మంత్రమేశాడంటన్నాడు." నవ్వాడు. వెంటనే నవ్వు ఆపేశాడు. "అది గాదు సార్. మళ్ళీ ఎప్పుడన్నా నేను లోపలుండంగా అట్టా ఆగిపోతే, మళ్ళీ వచ్చిద్దా?"

నేను కొట్లో పుట్టినవాణ్ణి. తెల్లారి లేస్తే గ్యారంటీ ఇవ్వడమే మా బతుకు. పురుగు పట్టని కంది, కల్తీ లేని నూనె, కరగని బెల్లం. నోటికి అలవాటు. ఆ రోజు నా ఎదురుగా నిలబడ్డ మనిషికి నేను అమ్మిందేమిటో, అతన్ని బతికించిందేమిటో నాకే తెలియదు. తెలియనిదానికి గ్యారంటీ ఎలా ఇస్తాను?

"నాకు తెలియదు ఏసోబూ" అన్నాను.

అతను ఫ్యూజులు చొక్కా జేబులో వేసుకుని, బొత్తాం పెట్టుకుని, పైనుంచి ఒకసారి తట్టి చూసుకుని, సైకిలెక్కి గని వైపు వెళ్ళిపోయాడు.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న చాలాసార్లు తిరగేసి చూసుకున్నాను. అంతకంటే మంచి జవాబు నాకింకా దొరకలేదు.